జనాభా లెక్కల్లో మా ఊరికి బస్సు ‘ఉంది’, పొద్దున కాలేజీకి వెళ్లే పిల్లలకు మాత్రం లేదు

పడమటి గాలి (చర్చ మొదలుపెట్టినవారు):

మాది పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి దగ్గర. ఊరి పేరు రాయడం లేదు. రాసినా రాయకపోయినా చుట్టుపక్కల పది ఊళ్ల కథ ఇదే. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. మొన్న ఊరి వివరాలన్నీ ఒకచోట చేర్చి పెడదామని 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకం తిరగేశాను. జనాభా రెండు వేలకు కాస్త తక్కువ. బడి ఉంది. రైల్వే స్టేషన్ లేదు, ఆ గడిలో ‘సి’ అనే అక్షరం వేశారు. ప్రభుత్వ బస్సు అన్న గడిలో ‘ఉంది’ అని రాశారు.

ఉన్న మాట నిజమే. పదిన్నరకు వస్తుంది, రచ్చబండ దగ్గర తిప్పుకొని వెంటనే వెళ్లిపోతుంది. మళ్లీ మూడు గంటలకు వస్తుంది, అదీ అంతే. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు తొమ్మిది లోపు కనిగిరిలో ఉండాలి. వాళ్లకు ఆ బస్సు ఎందుకు? ఒకప్పుడు నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి వచ్చేది, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసులో పడుకునేవారు, తెల్లారగానే మొదటి ట్రిప్పు. నేను చదువుకున్నది ఆ బస్సు పుణ్యమే. కరోనా రోజుల్లో ఆగింది, ఇక తిరిగి రాలేదు. డిపోలో అడిగితే ‘మీ ఊళ్లో జనం ఎక్కడున్నారండీ’ అన్నారట.

నా సందేహం ఒక్కటే. ఇంత జనాభా ఉంటే ఇన్ని బస్సులు అనే నియమం ఎక్కడైనా ఉందా? ఉంటే మా జనాభా ఎవరు లెక్కేశారు, ఎప్పుడు, ఎలా?

లెక్కల పిచ్చి:

ముందు ఆ ‘సి’ సంగతి. ఊళ్లో లేని సౌకర్యం ఎంత దూరంలో ఉందో ఆ అక్షరం చెబుతుంది. ఐదు కిలోమీటర్లలోపు ఉంటే ‘ఎ’, ఐదు నుంచి పది అయితే ‘బి’, పది దాటితే ‘సి’. ఉన్న సౌకర్యానికి మాత్రం ‘ఉంది’ అని రాసి వదిలేస్తారు. రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళకు అన్న గడే ఆ పట్టికలో లేదు. పైగా దాన్ని ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్లు నింపరు, స్థానిక అధికారుల దగ్గర ఉన్న సమాచారం నుంచి నింపుతారు. కాబట్టి పదిన్నర బస్సుకు కూడా ‘ఉంది’ అనే రాస్తారు. రాసినవాళ్ల తప్పు కాదు, గడి అలాంటిది.

జనాభా సంగతి ఇంకా ఆసక్తికరం. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ ఇరవై రోజుల్లో ఒక్కనాడైనా సొంత ఇంట్లో ఉన్న మనిషిని ఆ ఊళ్లో రాశారు. ఇరవై రోజులూ బయట ఉన్నవాళ్లను వాళ్లు ఎక్కడుంటే అక్కడ రాశారు. మీ వైపు కూలికి వెళ్లేవాళ్లు సంక్రాంతికి వచ్చి, కనుమ దాటగానే వెళ్లిపోయి, మళ్లీ ఉగాదికి గదా వచ్చేది? ఫిబ్రవరి అంటే ఊరు బాగా పలచబడి ఉండే నెల.

పడమటి గాలి:

అక్షరాలా అంతే. మా వీధిలో సగం ఇళ్లకు ఫిబ్రవరిలో తాళాలే ఉంటాయి. ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. తమాషా ఏమిటంటే బస్సు అవసరం ఉన్నవాళ్లు కూడా వాళ్లే.

రిటైర్డ్ కండక్టర్:

తమ్ముడూ, ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగినవాణ్ని. నీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. జనాభా చూసి బస్సు వేయడం నేనెన్నడూ చూడలేదు. రోడ్డుకు జనాభా చూస్తారు, బస్సుకు వసూలు చూస్తారు. డిపోలో రోజూ వినపడే మాటలు రెండే. ఒకటి ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత వచ్చింది అని. రెండోది ఓఆర్, సీట్లలో ఎన్ని నిండాయి అని. నీ ఊళ్లో పదివేల మంది ఉన్నా, అందరూ మోటారు సైకిళ్ల మీద పోతే నీ సర్వీసు కాగితం మీద ఎర్ర గీతే.

ఇప్పుడు నైట్ హాల్ట్ గురించి. పల్లెకు ఉపకారం చేయడానికి పెట్టిన ఏర్పాటని చాలామంది అనుకుంటారు. అసలు లాభం డిపోకే. రాత్రి చివరి ట్రిప్పు దించి బస్సు ఖాళీగా డిపోకు తిరిగి వస్తే ఆ డీజిలంతా దండగ. పొద్దున మళ్లీ ఖాళీగా వెళ్లాలి. బస్సు ఊళ్లోనే పడుకుంటే రెండు ఖాళీ ప్రయాణాలు మిగులుతాయి. పొద్దున బయలుదేరేటప్పటికే పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, విద్యార్థులు నిండుగా ఎక్కుతారు.

మరి ఎందుకు తీసేశారంటే, పడుకునే చోటు. మొదట్లో ఊరివాళ్లు గది ఇచ్చేవారు, మంచం వేసేవారు, ఎవరో ఒకరు అన్నం పెట్టేవారు. తర్వాత్తర్వాత గదికి తలుపు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, ఫ్యాను ఉండదు. నేను దోమల్లో బస్సు టాపు మీద పడుకున్న ఊళ్లు ఉన్నాయి. మహిళా కండక్టర్లు పెరిగాక వాళ్లను నైట్ హాల్ట్‌కు పంపడం కుదరదు. సిబ్బంది తక్కువ. ఏదైనా సాకు దొరికితే ముందు తెగేది నైట్ హాల్టే. కరోనా ఆ సాకు అయింది.

గోదారి గట్టు:

కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. మా కోనసీమలో కూడా లోపలి ఊళ్లకు బస్సులు తగ్గాయి, ఎవరూ ఏడవలేదు. ఇంటికో బండి ఉంది, సెంటర్లో ఆటో ఉంది. పది మంది కోసం యాభై సీట్ల బస్సు తిప్పడం ఎవరి డబ్బు? నష్టం వస్తే మళ్లీ అదే జనం పన్నుల్లో కట్టాలి. రోడ్డు బాగుచేయమని అడగండి, అందులో న్యాయం ఉంది. బస్సు అడగడం పాత అలవాటు.

సీతాఫలం:

గోదారి గట్టు గారూ, ఇంటికో బండి ఉంది సరే, ఇంట్లో ఆ బండి ఎవరి దగ్గర ఉంటుంది? నేను పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంని, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తని. బండి పొద్దున ఆరింటికి మగమనిషితో బయటికి పోతుంది, రాత్రికి వస్తుంది. ఇంట్లో మిగిలిన నలుగురికీ ఆ బండి లేనట్టే. కోనసీమలో ఊరికీ ఊరికీ మధ్య కొబ్బరితోట అడ్డం, అంతే దూరం. ఆ పడమటి వైపు ఊరు దాటితే మళ్లీ ఊరు కనపడేదాకా మెట్ట పొలమే. నడిచి పొమ్మంటారా?

నా పనిలో చూసేది చెబుతాను. గర్భిణికి స్కానింగ్ కోసం ఏరియా ఆసుపత్రికి వెళ్లమని రాసిస్తాం. పదిన్నర బస్సు ఎక్కితే ఆమె పట్నం చేరేసరికి ఓపీ చీటీల వరస గేటు దాకా ఉంటుంది. డాక్టరు చూసి స్కానింగ్‌కు పంపేలోపు తిరుగు బస్సు వేళవుతుంది. బస్సు పోతే ఆటోకు వందలు. అందుకని చాలామంది స్కానింగ్ మానేసి బస్సు పట్టుకొని వచ్చేస్తారు. అడిగితే ‘తర్వాత చేయించుకుంటాలే అమ్మా’ అంటారు. రికార్డులో ఆమె ‘హాజరు కాలేదు’. నొప్పులు వస్తే 108 ఉంది, అది 2005 నుంచీ ఆదుకుంటున్నదే. కానీ నొప్పులు రాకముందు జరగాల్సిన నాలుగు పరీక్షలకు 108 రాదు గదా.

బస్సు ఉందా అని కాకుండా, పొద్దున వెళ్లి పని చూసుకొని అదే రోజు తిరిగి రాగలరా అని అడగాలి. అదొక్కటే నా మాట.

పడమటి గాలి:

అక్కా, ఈ మాట మా ఊరి వివరాల్లో పెట్టుకుంటాను. మా అమ్మ కంటి ఆపరేషన్‌కు సరిగ్గా ఇదే జరిగింది, రాత్రి బంధువుల ఇంట్లో ఉండాల్సి వచ్చింది.

మన్యం మాస్టారు:

మీ చర్చ చూస్తుంటే కాస్త అసూయగా ఉంది. రచ్చబండ దాకా బస్సు రావడమే మాకు పెద్ద ముచ్చట. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరుకు పైన టీచరుని. ఇక్కడ జనాభా అనే మాటకు అర్థమే వేరు. కొండ వాలులో పదిళ్లు, గెడ్డ దాటితే పన్నెండిళ్లు, ఆ పైన ఇంకో ఎనిమిది. ఎవరి పోడు దగ్గర వాళ్లు ఉంటారు.

ప్రధాన మంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు వేస్తామన్నారు. తర్వాత తీవ్రవాద ప్రభావం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో వంద దాకా దించారు. ఆదిమ గిరిజన తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లోనూ వంద అనే గీతే. మంచిదే, చాలా ఊళ్లకు రోడ్డు వచ్చింది. కానీ తొంభై మంది ఉన్న గూడెం సంగతి? వాళ్లకు జబ్బు చేస్తే డోలీ. రెండు కర్రలు, ఒక దుప్పటి, మోసేందుకు నలుగురు, మార్చుకునేందుకు ఇంకో నలుగురు. పేపర్లో ఆ ఫోటో ఏడాదికి పదిసార్లు చూస్తారు మీరు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవి తల్లి బాట’ మొదలుపెట్టారు, వెయ్యి కోట్ల పైచిలుకు రోడ్లు అన్నారు. పనులు జరిగిన చోట తేడా కళ్లకు కనపడుతోంది. అబద్ధం చెప్పను.

అయితే రోడ్డు పడ్డాక కూడా మాకు వచ్చేది జీపు. అదీ సంత రోజున. సంత బుధవారమైతే బుధవారమే జబ్బు చేయాలి, బుధవారమే బ్యాంకు పని పడాలి. పైన కూర్చున్నవాళ్లు, వెనక వేలాడేవాళ్లు కలిపి జీపులో ఎంతమంది ఉంటారో లెక్కల పిచ్చి గారు వస్తే చూపిస్తాను.

లెక్కల పిచ్చి:

తప్పకుండా వస్తాను మాస్టారూ, డోలీలో మాత్రం కాదు.

ఒక చిన్న వివరం, మీకు పనికొస్తుంది. సడక్ యోజనలో ఆవాసాలను విడివిడిగానే చూడాలని లేదు. 500 మీటర్ల లోపు ఉన్నవాటిని కలిపి ఒకే జనాభాగా లెక్కేయవచ్చు, కొండల్లో ఆ దూరం దారి కొలతలో ఒకటిన్నర కిలోమీటరు. మీ పది, పన్నెండు, ఎనిమిది ఇళ్లు ఆ దూరంలో ఉంటే కలిపి చూపించమని అడగండి. చాలాచోట్ల ఇది అడిగేవాళ్లు లేక పోతుంది. నాలుగో దశ 2024–25 నుంచి 2028–29 వరకు ఉంది, దానికి ఆధారం 2011 లెక్కలే.

అవును, అప్పటికి పదమూడేళ్ల పాత లెక్కలు. కొత్తవి లేవు, ఏం చేస్తాం.

దేవరకొండ దారి:

నమస్తే. మాది నల్లగొండ జిల్లా. పడమటి గాలి గారూ, మనిద్దరినీ కలిపేది ఒకే రోడ్డు. నకిరేకల్ నుంచి నల్లగొండ, సాగర్, మాచర్ల, మార్కాపురం, కనిగిరి మీదుగా ఏర్పేడు వెళ్లే 565 జాతీయ రహదారి. ఫ్లోరైడ్ నీళ్లలో కూడా చుట్టరికమే. మన దేశంలో ఆ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొదట రాసిపెట్టింది మీ ప్రాంతంలోనే, 1937లో. మా ఊళ్ల పేర్లు ఆ తర్వాత వచ్చాయి. హైవే మీద లగ్జరీలు గంటకోటి పోతాయి. హైవే నుంచి ఐదు కిలోమీటర్లు లోపలికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది.

మాది తండా. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఐదు వందల జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేశారు. రాష్ట్రంలో పంచాయతీలు పన్నెండు వేలు దాటాయి. మాకు సర్పంచు వచ్చాడు, ట్రాక్టరు వచ్చింది. కానీ జనాభా లెక్కల పుస్తకంలో మా తండా పేరు వెతికితే దొరకదు. రెవెన్యూ గ్రామం పేరు మీద మొత్తం కలిపి ఉంటుంది. ఆ పెద్ద ఊరికి బస్సు ‘ఉంది’, కాబట్టి మాకూ ‘ఉంది’. పెద్ద ఊరి నుంచి మా తండాకు మూడు కిలోమీటర్లు నడక.

ఉచిత బస్సు గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మా దగ్గర ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, మహాలక్ష్మి పథకం, 2023 డిసెంబరు 9న మొదలైంది. మా అక్క నల్లగొండలో బట్టల దుకాణంలో పనికి చేరింది ఆ తర్వాతే, లేకపోతే జీతంలో మూడో వంతు చార్జీలకే పోయేది. పథకం మంచిది, అందులో అనుమానం లేదు. కానీ బస్సు వచ్చే ఊరి ఆడవాళ్లకే ఆ మేలు. మా తండా అమ్మాయి మూడు కిలోమీటర్లు నడిస్తే ఉచితం, నడవలేకపోతే ఆటోకు ఇరవై.

రిటైర్డ్ కండక్టర్:

ఈ తమ్ముడు చెప్పింది రాసిపెట్టుకోవాల్సిన మాట. ఉచితం వచ్చాక ఇంకో మార్పు జరిగింది. ఒకప్పుడు ఖాళీ అని బస్సు తీసేవాళ్లు. ఇప్పుడు మెయిన్ లైన్లలో కాలు పెట్టడానికి చోటు లేదు, అందుకని లోపలి ఊళ్ల బస్సు తీసి అక్కడ వేస్తున్నారు. ఖాళీగా ఉన్నా పోయేది పల్లె బస్సే, నిండుగా ఉన్నా పోయేది పల్లె బస్సే. కొత్త బస్సులు, కొత్త డ్రైవర్లు రాకుండా పథకం ఒక్కటే వస్తే ఇలాగే ఉంటుంది.

మూడు చక్రాలు:

అందరూ ఆటోను ఒక మాట అని వదిలేస్తున్నారు. ఆటోవాణ్ని నేను మాట్లాడతాను. నా పర్మిట్‌కు ముగ్గురే ఎక్కాలి. ముగ్గురిని ఎక్కించుకొని పద్నాలుగు కిలోమీటర్లు పోతే డీజిలు కూడా రాదు. అందుకని పది మంది ఎక్కుతారు. పట్టుకుంటే ఫైను, పల్టీ కొడితే కేసు. అయినా పొద్దున ఏడింటికి పిల్లల్ని దింపేది నేనే, రాత్రి పదింటికి ఫోను చేస్తే లేచి వచ్చేది నేనే. ఆర్టీసీ ఏ రూటులో తిరగనంటుందో అక్కడ ఊరిని మోసింది మేము.

ఆంధ్రలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ‘స్త్రీ శక్తి’ 2025 ఆగస్టు 15న వచ్చాక మెయిన్ రోడ్డు ఆటోలకు దెబ్బ తగిలింది. తర్వాత అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15 వేలు వేసింది. ఇచ్చింది కాదనను, కిస్తీలు తీరవు. లోపలి ఊళ్లలో మాత్రం గిరాకీ తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది, బస్సే లేదు గదా.

నాకు బస్సు మీద కోపం లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రానీయండి. మధ్యాహ్నం ఎటూ మేమే.

గోదారి గట్టు:

సీతాఫలం గారి మాట ఒప్పుకుంటాను, బండి ఇంటిది కాదు, మగాడిది. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. పెద్ద బస్సే ఎందుకు? పన్నెండు సీట్ల వ్యాను చాలదా? ప్రైవేటువాళ్లకు వదిలేస్తే తిప్పుకుంటారు.

రిటైర్డ్ కండక్టర్:

వదలడానికి అడ్డం చట్టమే. జాతీయం చేసిన రూట్లలో టికెట్టు కొట్టి తిప్పే హక్కు ఆర్టీసీదే. ప్రైవేటు వ్యానుకు స్టేజి పర్మిట్ దొరకదు. ఆర్టీసీ తిప్పదు, ఇంకొకణ్ని తిప్పనివ్వదు, మధ్యలో మూడు చక్రాలు తమ్ముడు పది మందితో దొంగచాటుగా తిరుగుతాడు. తమిళనాడులో 1997లోనే మినీ బస్సులు మొదలుపెట్టారు, పెద్ద బస్సు వెళ్లని దారుల్లో ప్రైవేటువాళ్లకు పర్మిట్లు ఇచ్చి. నెల్లూరు వైపు నుంచి చెన్నై వెళ్లేవాళ్లను అడగండి, చూసే ఉంటారు.

కేరళలో తెలుగువాడు:

తిరువనంతపురం నుంచి. ఇక్కడ 2022లో ‘గ్రామవండి’ అని మొదలుపెట్టారు. బస్సు, డ్రైవరు, కండక్టరు కేరళ ఆర్టీసీవి. డీజిలు ఖర్చు పంచాయతీది. దారి, వేళలు పంచాయతీ చెప్పినట్టు. మొదటిది పారశ్శాల దగ్గర కొల్లయిల్ పంచాయతీలో. మన దగ్గర ఎందుకు కుదరదు?

దేవరకొండ దారి:

కేరళ పంచాయతీ ఒక్కోటి మన పంచాయతీ కంటే చాలా పెద్దది, దానికి సొంత రాబడి ఉంటుంది. మా తండా పంచాయతీ వీధి దీపాల కరెంటు బిల్లే కట్టలేకపోతోంది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే అని ముందే కట్టేశారు. మిగిలిన దాంట్లో డీజిలు పోయమంటే సర్పంచు ఇల్లు వదిలి పారిపోతాడు. నాలుగైదు పంచాయతీలు కలిస్తే చూడవచ్చు. కలుస్తాయా అన్నది వేరే చర్చ, అది ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

పడమటి గాలి:

నాడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం కనిగిరి మీదుగానే వస్తోంది. 2011–12లో మంజూరైంది. ఆ రైలు తిరిగితే మా పట్టికలో ‘సి’ మారుతుందేమో. మా నాన్నకు మాత్రం ఆశ లేదు, ‘స్టేషనుకు పోవడానికి బస్సు ఉండాలి గదరా’ అంటాడు.

సరే, పనిలోకి వస్తాను. డిపోకు అర్జీ రాద్దామనుకుంటున్నాను. జనాభా ఇంత, ఆవాసాలు నాలుగు అని రాస్తే చాలా?

రిటైర్డ్ కండక్టర్:

చాలదు. జనాభా రాస్తే ‘పరిశీలిస్తాం’ అని జవాబు వస్తుంది, అంతటితో సరి. నేను చెప్పినట్టు రాయి.

కొత్త బస్సు అడగవద్దు. ఏ డిపో మేనేజరూ కొత్త సర్వీసు ఇవ్వలేడు, ఇచ్చే అధికారం ఉన్నా ఇవ్వడానికి బండి ఉండదు. ముందు మీ చుట్టుపక్కల పొద్దున ఏ బస్సు ఎక్కడి నుంచి బయలుదేరుతోందో చూడు. ఏదో ఒక ఊళ్లో నైట్ హాల్ట్ ఇంకా మిగిలి ఉంటుంది. ఆ బస్సు మీ క్రాస్ రోడ్డు మీదుగానే పోతూ ఉంటుంది. దాన్ని మీ ఊళ్లోకి తిప్పి మళ్లీ మెయిన్ రోడ్డు ఎక్కించమని అడుగు. డైవర్షన్ అంటారు. అదనంగా అయ్యేది నాలుగైదు కిలోమీటర్లు, పావుగంట. దానికి మేనేజరు స్థాయిలో దారి ఉంటుంది.

రెండోది, స్టూడెంట్ పాసులు. మీ స్టేజి పేరు మీద ఎన్ని పాసులు తీసుకున్నారో డిపో కౌంటరులోనే లెక్క ఉంటుంది. నీ ఊరి పిల్లలు క్రాస్ రోడ్డు దాకా నడిచి వెళ్లి అక్కడి స్టేజి పేరుతో పాసు తీసుకుంటూ ఉంటే, మీ ఊరి లెక్కలో సున్నా ఉంటుంది. అది చూసే ‘జనం ఎక్కడున్నారండీ’ అన్నారు. కాలేజీల నుంచి ఊరి పేరుతో పిల్లల జాబితా తీసి జతచేయి.

మూడోది, గ్రామసభ తీర్మానం. ఒక్కడివి సంతకం చేస్తే అర్జీ, ఊరు సంతకం చేస్తే తీర్మానం.

సీతాఫలం:

ఇంకోటి కలపండి. ఏ పనికి ఏ వేళకు పట్నం చేరాలో రాయండి. కాలేజీ, ఆసుపత్రి ఓపీ, మార్కెట్ యార్డు. తిరుగు బస్సు వేళ కూడా. పొద్దున బస్సు సాధించి సాయంత్రం మరిచిపోతే పిల్లలు చీకట్లో క్రాస్ రోడ్డు నుంచి నడవాలి. ఆడపిల్లల చదువు ఆగేది ఆ రెండు కిలోమీటర్ల దగ్గరే. ఎవరూ బయటికి చెప్పరు, ‘పెళ్లి కుదిరింది’ అంటారు.

లెక్కల పిచ్చి:

అర్జీ మీ పని. నాది వేరే గొడవ. తర్వాతి జనాభా లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే జనాన్ని రాసేది మళ్లీ ఫిబ్రవరిలోనే. కనిగిరి వైపు మళ్లీ తాళాలే. వలస వెళ్లినవాళ్లు ఆ రోజుల్లో ఒకసారి ఊరికి వచ్చి వెళ్లగలిగితే మంచిది. అలాగని రెండుచోట్లా రాయించుకోవద్దు, అది తప్పు. రాబోయే ఎన్నో ఏళ్ల రోడ్లకు, బడులకు ఆ అంకెలే పునాది. 2011 అంకెలతో ఇన్నాళ్లు లాగారు, ఈ అంకెలతో ఎంతకాలం లాగుతారో చూడండి.

మన్యం మాస్టారు:

అది చెప్పడం తేలిక. ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకున్నవాణ్ని మధ్యలో ఎవరు వదులుతారు?

పడమటి గాలి:

కొన్నాళ్లకు మళ్లీ రాస్తున్నాను. మొన్న సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. గ్రామసభ జరిగింది, ఊహించని చోట పేచీ వచ్చింది. బస్సు ఏ దారిన రావాలి? పాత రోడ్డున వస్తే రచ్చబండ దాకా వచ్చి తిరిగిపోతుంది. కొత్త సిమెంటు రోడ్డున వస్తే ఎస్సీ పాలెం, కాలనీ మీదుగా వస్తుంది, కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది అక్కడివాళ్లే. పెద్దవాళ్లు కొందరు పాత దారే అన్నారు. కారణం ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, అందరికీ తెలుసు. చివరికి ఒక ముసలాయన లేచి, ‘బస్సు ఎక్కేవాడి వీధిలోంచి రావాలి గానీ, కూర్చుని చూసేవాడి వీధిలోంచి ఎందుకురా’ అన్నాడు. నవ్వుల్లో తీర్మానం అయిపోయింది. కాలనీ దారే.

డిపోకు వెళ్లాం. కండక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా స్టేజి పేరు మీద పాసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. క్రాస్ రోడ్డు పేరు మీద కుప్పలుగా ఉన్నాయి. మేం తీసుకెళ్లిన జాబితా చూపించాక మేనేజరు మాట మారింది. పక్క ఊరి నైట్ హాల్ట్ బస్సును నెల రోజులు మా ఊళ్లోకి తిప్పి చూస్తామన్నారు. సాయంత్రం తిరుగు ట్రిప్పు కూడా అదే బండి. కానీ ముందు వాళ్ల మనిషి వచ్చి దారి చూస్తాడట.

రిటైర్డ్ కండక్టర్:

దారి చూడటానికి వచ్చేవాడు మూడు చూస్తాడు. కల్వర్టు బరువు ఆపుతుందా, బస్సు తిరగడానికి చోటు ఉందా, పైన కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి. వాడు రాకముందే చిల్లచెట్లు కొట్టించండి. అద్దాలకు కొమ్మలు గీసుకుంటే డ్రైవరు రెండో రోజే ‘రూటు బాగాలేదు’ అని రాసిస్తాడు. తీగలు కిందికి వేలాడుతుంటే కరెంటు ఆఫీసులో ఇప్పుడే చెప్పండి, వాళ్లు కదలడానికి టైం పడుతుంది. మలుపు దగ్గర ఎవరిదైనా గడ్డివాము ఉంటే బతిమాలి జరిపించండి.

ఇక ఆ నెల రోజులు అసలైన పరీక్ష. ఆడవాళ్లందరికీ చెప్పండి, చార్జీ లేదని టికెట్టు తీసుకోకుండా కూర్చోవద్దు. ఆధార్ చూపించి జీరో టికెట్టు కొట్టించుకోవాలి. కండక్టరు రద్దీలో మరిచిపోతే అడిగి తీసుకోవాలి. మిషన్‌లో పడిన టికెట్టే డిపో చూసేది. పిల్లల పాసులన్నీ మీ స్టేజి పేరుకు మార్పించండి, ఒక్కటి కూడా క్రాస్ రోడ్డు పేరు మీద ఉండకూడదు.

మూడు చక్రాలు:

మీ ఊరి ఆటోవాళ్లను కూడా ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి అన్నా. ట్రయల్ నెలలో పొద్దున బస్సుకు ఐదు నిమిషాల ముందు వచ్చి జనాన్ని ఎత్తుకుపోతే మీ లెక్క పాడవుతుంది. మా వైపు ఒక ఊరి బస్సు అలాగే పోయింది. ఆ వేళ వదిలేయమని అడిగితే వదిలేస్తారు, మర్యాదగా అడగాలి అంతే.

పడమటి గాలి:

అడిగాను. ముగ్గురున్నారు. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు మా మేనమామ కొడుకు, వాడితో ఆదివారం మాట్లాడాలి.

సీతాఫలం:

సాయంత్రం బస్సు వేళ ఎంతకు ఖాయమైంది? మీరు రాయలేదు.

పడమటి గాలి:

ఐదూ నలభై అన్నారు. ఐదుంపావుకు మార్చమని అడిగాం, అటువైపు వేరే ఊరివాళ్లకు ఐదూ నలభైయే కావాలట. ప్రస్తుతానికి అదే.